ఇంజనుకి పోసిన నీళ్ళు

ఇంజనులో ఏ లోపమూ లేదు. ఆ మాట ముందే అనేసుకుంటే మంచిది, ఎందుకంటే పేటలో ఇప్పుడు అందరూ దాన్నే ఆడిపోసుకుంటున్నారు. ఎవరో వదిలించుకున్న బండి, పాపం మత్తయికి అంటగట్టేరు, దరిద్రాన్ని చేతులారా ఇంటికి తోలుకొచ్చుకున్నాడు, అని. మత్తయి మాత్రం దాన్ని ఒక్క మాట అనడు. ఎవరైనా తన ముందే తిడితే తల అడ్డంగా ఊపి, లేచి అవతలికి వెళ్ళిపోతాడు.

మత్తయి ఇరవయ్యేళ్ళు కువైట్‌లో ఒకళ్ళింట్లో డ్రైవరుగా చేసి వచ్చినవాడు. అక్కడ తోలినవన్నీ గదులంతేసి బళ్ళు. స్టీరింగు ముందు కూర్చుంటే అతని చెయ్యి చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది, గేరు మారిన సంగతి పక్కవాళ్ళకి తెలియదు. అయితే ఆ ఇరవయ్యేళ్ళలో ఒక్కనాడైనా బానెట్టు ఎత్తి చూసిన పాపాన పోలేదు. నెల తిరిగేసరికి గ్యారేజీవాళ్ళు వచ్చి బండి పట్టుకుపోయేవారు, మళ్ళీ తెచ్చి గుమ్మంలో పెట్టేవారు. లోపల ఏం తీసేరో, ఏం పోసేరో అతనికి అక్కర్లేదు. బండి తోలడం వేరు, బండిని చూసుకోవడం వేరు. రెండూ ఒకటేననుకున్నాడు మత్తయి. పేట కూడా అలాగే అనుకుంది, కువైట్ నుంచి వచ్చినవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని.

అతను తిరిగొచ్చింది భార్య కోసం. కృపావతికి సుగరు ముదిరి కిడ్నీలు రెండూ చెడ్డాయి. మంగళవారం, శుక్రవారం అమలాపురం వెళ్ళి డయాలసిస్ చేయించుకు రావాలి. ఒక్కసారి తప్పినా ఒళ్ళంతా నీరు పట్టేసి ఊపిరాడదు. వాళ్ళ పేట అల్లవరం దాటి సముద్రం వేపు ఉంది. అక్కణ్ణుంచి అమలాపురం అంటే ఆటోలో గంట పైమాటే. వెళ్ళేటప్పుడు ఎలాగో కూర్చునేది. వచ్చేటప్పుడు ఆవిడ ఒంట్లో ప్రాణం ఉండేది కాదు. చక్రం గోతిలో పడ్డప్పుడల్లా తల వెళ్ళి ఇనపరాడ్డుకి కొట్టుకునేది, పట్టుకుందామంటే సూదులు గుచ్చిన చెయ్యి లేచేది కాదు. ఒకరోజు ఆటోలోనే వాంతి చేసుకుంటే, ఎదర కూర్చున్న పెద్దమనిషి ముక్కు మూసుకుని దిగిపోయి వేరే ఆటో ఎక్కేడు. ఆవేళ ఇంటికొచ్చి కృపావతి గోడవేపు తిరిగి పడుకుని ఏడ్చింది. ఎలాగైనా కారు కొనాలని మత్తయి ఆవేళే అనుకున్నాడు.

ఇంటి వెనక తండ్రి ఇచ్చిన ఎకరం చిల్లర వరిచేను ఉండేది. చుట్టూ అందరివీ అప్పటికే రొయ్యల చెరువులైపోయేయి, మధ్యలో ఇతనిదొక్కటే పచ్చగా మిగిలింది. సత్యదుర్గారావు అనే చెరువులాయన ఎన్నాళ్ళనుంచో లీజుకి అడుగుతున్నాడు, మీ ఒక్కరి చేను కోసం నా గట్టు వంకర తిరగాల్సి వస్తోందండీ, అని. మత్తయి సరేనన్నాడు. ఆ లీజు మీదే కారు వచ్చింది. ఇందులో అతన్ని తప్పుపట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళ ఇంట్లో మనిషికి ఊపిరాడకపోవాలి, అప్పుడు మాట్లాడాలి.

బండి ఎంచిపెట్టినవాడు అయ్యప్ప. అమలాపురం బైపాసు పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు, నోరు కాస్త దురుసు. సందులో తిరగాలంటే చిన్న కారే కావాలనీ, జబ్బుమనిషికి కుదుపు ఉండకూడదంటే పెట్రోలుదే మేలనీ అతనే చెప్పేడు. బానెట్టు ఎత్తి పట్టుకుని, పెళ్ళికొడుకు గుణాలు చెప్పినట్టు చెప్పుకొచ్చేడు. మూడు సిలిండర్ల ఇంజను, వెయ్యి సీసీ కూడా ఉండదు. మొత్తం అల్యూమినియం కాబట్టి తేలిక, పెట్రోలు తక్కువ తాగుతుంది. లోపల రబ్బరు బెల్టు కాదు, ఇనప చైను, తెగుతుందన్న బెంగ లేదు. మూడే సిలిండర్లు కాబట్టి ఆగి ఉన్నప్పుడు సన్నగా వణుకుతుంది, అది జబ్బు కాదు, దాని తీరే అంత. డాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు ఉండదు, రెండు లైట్లే ఉంటాయి: చల్లగా ఉంటే నీలం, మితిమీరి వేడెక్కితే ఎరుపు. ఎరుపు వస్తే ఎక్కడున్నవాళ్ళు అక్కడ ఆపేయాలి. అన్నీ చెప్పి చివర ఒక మాటన్నాడు.

"దీనికి తనంతట తను చెడిపోవడం చేతకాదండి మత్తయిగారూ. చెడితే మనమే చెడగొట్టాలి. నూనె టైముకి మార్చండి, కూలెంటు తగ్గితే కూలెంటే పొయ్యండి, నీళ్ళు పొయ్యకండి. అంతే, కళ్ళు మూసుకుని పదేళ్ళు తిరగండి."

మత్తయి నవ్వేడు. కూలెంటు ఎడారివాళ్ళ సంగతి, అన్నాడు. వాళ్ళకి నీళ్ళు లేవు గనక గులాబీరంగు నీళ్ళు సీసాల్లో కొనుక్కుంటారు, ఏడుపాయల గోదారి పక్కన పుట్టి మనం ఇంజనుకి నీళ్ళు కొనడమేమిటి, అన్నాడు. ఈ మాట కోనసీమలో ఎవర్ని అడిగినా అంటారు. మా తాతలు లారీ ఆపి కాలవలో బక్కెట్టు ముంచి పోసేవారు, ఏ లారీకి ఏమయింది, అంటారు. నీళ్ళ విషయంలో మనకున్న పొగరు అంతా ఇంతా కాదు. మత్తయి ఇంట్లో అప్పటికే తాగేవి కొనుక్కున్న టిన్ను నీళ్ళు. ఆ సంగతి ఆ నిమిషంలో అతనికి గుర్తు రాలేదు.

ఆ ఇంటి బోరు మత్తయి నాన్న వేయించింది. ఒకప్పుడు ఆ నీళ్ళ కోసం పేట ఆడవాళ్ళంతా బిందెలతో వరస కట్టేవారు, కొబ్బరినీళ్ళలా ఉండేవని. చెరువులొచ్చేక ఒక వేసవిలో కందిపప్పు ఎంత ఉడకబెట్టినా ఉడకలేదు. తరవాత సబ్బు నురగ రావడం మానేసింది. టీ పెడితే పాలు విరిగేయి. ఇంక ఆ నీళ్ళు ఎవరూ నోట పెట్టలేదు, మినరల్ వాటర్ ఆటో వచ్చి టిన్నులు దింపిపోయేది. స్నానానికీ, అంట్లకీ, గుమ్మం కడగడానికీ మాత్రం బోరే. చూడ్డానికి ఆ నీళ్ళు అద్దంలా ఉంటాయి. గ్లాసులో పట్టి పక్కన పెడితే టిన్ను నీళ్ళేవో బోరు నీళ్ళేవో చెప్పలేం. మత్తయి ఆ నీళ్ళతోనే రోజూ కారు కడిగేవాడు, ఆ నీళ్ళే అయిదు లీటర్ల డబ్బాలో పట్టి డిక్కీలో పెట్టుకునేవాడు, తగ్గినప్పుడు ఆ నీళ్ళే ఇంజనులో పోసేవాడు. ఇంజనుకి రుచి ఏం తెలుస్తుందిలే అని కూడా అనుకోలేదు. అసలు అనుకోవాల్సిన సంగతేనని తోచలేదు.

కారు వచ్చేక కృపావతి మొహం తేటపడింది. ముందు సీటు వెనక్కి వాల్చుకుని, అద్దం సగం దింపుకుని, వరి కోస్తున్నారనీ, ఫలానావాళ్ళు మేడ కడుతున్నారనీ చెప్పుకుంటూ వెళ్ళేది. వచ్చేటప్పుడు నిద్రపోయేది. అతను గోతుల్ని తప్పించుకుంటూ, నిద్ర చెదరకుండా తోలేవాడు. అన్నేళ్ళు ఎవరెవరి భార్యల్నో బజారుకి తిప్పేను, ఇప్పటికి నా పెళ్ళాన్ని ఎక్కించుకున్నాను, అని అందరితో చెప్పుకునేవాడు.

ఆవిడకున్న పెద్ద బాధ దాహం. కిడ్నీ జబ్బువాళ్ళు నీళ్ళు తాగకూడదు, తాగినవి బయటికి పోవు, ఒంట్లోనే నిలిచిపోతాయి. రోజు మొత్తానికి ఒక్క చిన్న సీసా, అంతకు మించితే నా దగ్గరికి రావద్దన్నాడు డాక్టరు. వాళ్ళమ్మాయి నిఖిత రాజోలులో టీచరు. నిఖిత కూతురు బడికి పట్టుకెళ్ళి విసిగిపోయి వదిలేసిన నీలంరంగు సీసా ఒకటుంటే అదే కొలతయింది. పొద్దున్నే మత్తయి దాన్ని టిన్ను నీళ్ళతో నింపేవాడు, మూతతో కొలిచి ఇచ్చేవాడు, ఇచ్చిన ప్రతిసారీ మూత గట్టిగా బిగించి తన దగ్గరే పెట్టుకునేవాడు. అతను చూడనప్పుడు ఆవిడ ఇంకో గుక్క తాగేస్తుందని భయం. ఆ బిగించడం అతని చేతికి అలవాటైపోయింది. కృపావతి ఊరుకునేది కాదు. "కారుకి డబ్బాలు డబ్బాలు పోస్తారు, నాకు మూతలు కొలుస్తారు. ఏ జన్మలో ఏం చేసుకుందో ఆ కారు" అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

నిజంగానే డబ్బాలు పోయాల్సి వచ్చింది. మొదట్లో నెలకోసారి చూస్తే కాస్త తగ్గి ఉండేది. రెండో ఏడు వచ్చేసరికి వారం వారం పోసేవాడు. ఆ తరవాత అమలాపురం వెళ్ళొచ్చినప్పుడల్లా పోసేవాడు. నూనె మార్చడానికి వెళ్ళినప్పుడు అయ్యప్ప మూత తీసి లోపల చూసి మొహం చిట్లించేడు. నీళ్ళు ఎర్రమట్టిలా ఉన్నాయనీ, వాటర్ పంపు దగ్గర చెమ్మ కనిపిస్తోందనీ, బండి రెండ్రోజులు వదిలేసి వెళితే మొత్తం కడిగి పంపు మారుస్తాననీ చెప్పేడు. మత్తయి వచ్చేవారం అన్నాడు. పిసినారితనం కాదు అది. ఆ రెండ్రోజుల్లోనే ఆవిడకి ఏదైనా అయితే, బండి షెడ్డులో ఉంటే ఎలా అని. వచ్చేవారం కూడా అదే బెంగ, ఆ పైవారం కూడా అదే. అయ్యప్ప విసుక్కుని ఇంక అడగడం మానేసేడు.

అక్టోబరులో వాయుగుండం పట్టి మూడురోజులు వదలకుండా కురిసింది. డ్రెయిను కాలవ పొంగి అల్లవరం రోడ్డు మీద నడుంలోతు నీళ్ళు పారేయి. మంగళవారం డయాలసిస్ తప్పిపోయింది. బుధవారం కృపావతి కాళ్ళు అరటిదవ్వల్లా వాచేయి. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకి చేరగిలబడి కూర్చుంది. గురువారం పొద్దున్న వాన తెరిపిచ్చింది, రోడ్డు బయటపడింది. ఆస్పత్రికి ఫోను చేస్తే ఉన్నపళంగా తీసుకురమ్మన్నారు. పక్కింటి మంగాయమ్మ వచ్చి చూసి, ఆయాసం చూస్తే భయంగా ఉందన్నయ్యా, 108కి చెయ్యి, వాళ్ళ దగ్గర ఆక్సిజన్ ఉంటుంది, అంది.

మత్తయి వినలేదు. ఇదిగో, ఈ చోటే అతన్ని గట్టిగా తిట్టాలనిపిస్తుంది. మంగాయమ్మ చెప్పేది మంచికేనని అతనికి తెలుసు. కానీ ఆ అంబులెన్సు ఎక్కడో ఉంటుంది, రావాలి, ఎక్కించుకోవాలి, వెళ్ళాలి. తన కారు గుమ్మంలోనే ఉంది. "వాళ్ళొచ్చేలోపు నేను అమలాపురంలో ఉంటానమ్మా" అన్నాడు. కృపావతిని ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టేడు. నీలం సీసా నింపి తన పక్కన పెట్టుకున్నాడు. డిక్కీలో డబ్బా ఖాళీగా ఉంది, శుక్రవారం వెళ్ళొచ్చినప్పుడు మొత్తం పోసేసేడు. మళ్ళీ నింపడం వానల హడావిడిలో మర్చిపోయేడు. ఆ పొద్దున్న బానెట్టు ఎత్తి చూడలేదు. తాళం తిప్పగానే బండి మొదటిసారికే అందుకుంది.

అల్లవరం దాటేదాకా బాగానే ఉంది. రోడ్డు నిండా బురద, కొట్టుకొచ్చిన కొబ్బరిమట్టలు. మత్తయి కుదుపు లేకుండా, అయినా వేగంగానే తోలేడు. కృపావతి కళ్ళు మూసుకుని నోటితో ఊపిరి తీసుకుంటోంది, ఒక్కో ఊపిరికీ గొంతులో గురక. డ్రెయిను గట్టు మీదికి ఎక్కేసరికి డాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగింది.

మత్తయి బండి పక్కకి తీసేడు. ఆపి దిగి బానెట్టు ఎత్తేడు. ఆవిరి మొహాన కొట్టింది. గుడ్డ చుట్టి మూత తీస్తే లోపల చుక్క కనిపించలేదు. డిక్కీలో డబ్బా తీస్తే అదీ ఖాళీ. కింద డ్రెయిను పారుతోంది గానీ నల్లటి మురుగు, నాచు, చెరువుల్లోంచి వదిలిన బురద. ఆ కుళ్ళు ఇంజనులో పోస్తే గొట్టాలు పూడిపోతాయి, మంచినీళ్ళే కావాలి, అనుకున్నాడు. చుట్టూ చూసేడు. ఇళ్ళు లేవు, అటూ ఇటూ చెరువులే. అప్పుడు నీలం సీసా గుర్తొచ్చింది.

తలుపు తీసి సీసా అందుకుంటుంటే కృపావతి కళ్ళు తెరిచింది. సీసా వేపు చూసింది.

"ఏవండీ, గొంతు ఎండిపోతోంది. ఒక్క గుక్క నాకు పోసి, మిగిలింది దానికి పొయ్యండి."

"దానికే చాలవు కృపా. కాసేపు ఓర్చుకో. ఇప్పుడు ముందు బండి నడవాలి."

ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఒంటి నిండా నీరు పట్టి, నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతున్న మనిషికి అంత దాహం ఏమిటో ఆ దేవుడికే తెలియాలి. ఒక్క గుక్క ఇచ్చినంతమాత్రాన కొత్తగా చెడేది ఏమీ లేదు. అది మత్తయికి కూడా తెలుసు. కానీ చాలాకాలంగా కాపలా కాసిన చెయ్యి అది, కాదనడం దానికి అలవాటైపోయింది.

సీసా వంచి పోస్తుంటే కాలిన ఇంజను బుస్సుమని మళ్ళీ ఆవిరి చిమ్మింది. మణికట్టు కాలింది. చెయ్యి వెనక్కి లాక్కుని, సీసా అయిపోయిందనుకుని, అలవాటుగా మూత బిగించి వెనక సీటు వేపు విసిరేసేడు. తాళం తిప్పేడు. ఇంజను అందుకుంది. కాస్త దూరం వెళ్ళేసరికి ఎర్రలైటు ఆరిపోయింది.

ప్రాణం లేచొచ్చింది మత్తయికి. ఆరిపోయింది కృపా, చూడు, స్తోత్రం, అన్నాడు. ఆవిడ తలూపింది. కాలిన చేత్తోనే స్టీరింగు పట్టుకుని ఇంకా వేగం పెంచేడు. తరవాత లైటు మళ్ళీ వెలగలేదు. ఏదో మాడుతున్న వాసన మొదలైంది, బ్రేకులదనుకున్నాడు. ఎంత తొక్కినా బండి లాగడం తగ్గింది, రోడ్డు తడి అనుకున్నాడు. లైటు వెలగలేదు కాబట్టి ఇంజనుకి ఏమీ కాలేదని నమ్మేడు. అమలాపురంలోకి తిరిగే వంతెన కనిపిస్తుండగా లోపల సుత్తితో కొట్టినట్టు ఠంగు ఠంగుమని శబ్దం వచ్చింది, ఒక్క కుదుపుతో ఇంజను బిగుసుకుపోయింది. ఆ తరవాత తాళం ఎన్నిసార్లు తిప్పినా అది కదల్లేదు.

అప్పుడు చేసేడు 108కి. బండి వేరే ఊళ్ళో ఉందనీ, వస్తున్నామనీ చెప్పేరు. రోడ్డుకి అడ్డంగా నిలబడి చేతులూపితే రెండు కార్లు పక్కనుంచి వెళ్ళిపోయేయి. మూడోది ట్రాలీ ఆటో. తోలేవాడు చంటి, వాళ్ళ పేటవాడే, సత్యదుర్గారావు చెరువులో పట్టిన రొయ్యల్ని ఐసు పెట్టెల్లో సర్దుకుని వెళ్తున్నాడు. సంగతి అర్థమవగానే యజమానిని అడగలేదు, ఏమీ లేదు, "ఎక్కించండి మావయ్యగారూ" అంటూ సగం పెట్టెలు రోడ్డు మీదికి దింపేసేడు. ఆవిడని గోనెసంచుల మీద కూర్చోబెట్టి మత్తయి వెనకనుంచి పట్టుకున్నాడు. పక్కన మిగిలిన పెట్టెల్లోంచి ఐసు కరిగి, నీళ్ళు ధారగా ఆవిడ చెయ్యి పక్కనుంచే కారుతున్నాయి. కృపావతి దారి పొడుగునా ఆ నీళ్ళవేపే చూసింది. అడగలేదు.

ఆస్పత్రిలోకి ఊపిరితోనే తీసుకెళ్ళేరు. ఆక్సిజన్ పెట్టేరు, ఇంజెక్షన్లు చేసేరు, మిషను తగిలించేలోపే అయిపోయింది. డ్యూటీ డాక్టరు బయటికొచ్చి, ఇంకాస్త ముందు తేవలసిందండీ, అన్నాడు. అది వాళ్ళు అందరితోనూ అనేమాటే. మత్తయి మాత్రం ఆ మాట దగ్గరే నిలబడిపోయేడు.

నిఖిత రాజోలు నుంచి వచ్చింది. సమాధి కార్యక్రమం అయ్యి, పాస్టరుగారూ జనమూ వెళ్ళిపోయేక తండ్రి పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది పిల్లకి.

"నాన్నా, ఆఖర్న అమ్మ ఏమైనా అడిగిందా?"

"ఏమీ అడగలేదమ్మా" అన్నాడు మత్తయి.

నిఖిత అతని చెయ్యి పట్టుకుంది. మణికట్టు మీద బొబ్బ చూసి, ఎలా కాలింది నాన్నా అని అడిగి, లోపలికెళ్ళి ఆయింట్‌మెంటు తెచ్చి రాసింది. మీరు చెయ్యాల్సిందంతా చేసేరు నాన్నా, మనసు కష్టపెట్టుకోకండి, అంది. మత్తయికి ఆ చెయ్యి లాగేసుకోవాలనిపించింది. లాక్కోలేదు.

కారుని ఎవరో తాడు కట్టి లాక్కెళ్ళి అయ్యప్ప షెడ్డులో పడేసేరు. మత్తయి ఆవిడ పేరున పెట్టిన పెద్దకూడిక ప్రార్థన అయ్యేదాకా అటు వెళ్ళలేదు. వెళ్ళేసరికి అయ్యప్ప ఇంజను విప్పి బల్ల మీద పరిచి ఉంచేడు. సంతాపంగా నాలుగు మాటలన్నాడు. తరవాత పని తెలిసినవాడు కదా, ఉండబట్టలేక ఇంజను చూపించడం మొదలుపెట్టేడు. నీళ్ళు తిరిగే దారులన్నిటా తెల్లగా పెచ్చులు కట్టి ఉన్నాయి, గోటితో గీకితే పొడిలా రాలేయి. వాటర్ పంపులో రెక్కలు సగం లేవు, చెదలు తిన్నట్టు పోయేయి. అల్యూమినియం మీద చిల్లులు పడ్డాయి. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు వంగిపోయింది, పిస్టన్లు మూడూ సిలిండర్లకి అతుక్కుపోయేయి.

"ఏ నీళ్ళు పోసేరండి దీంట్లో?" అన్నాడు.

బోరు నీళ్ళన్నాడు మత్తయి. ఆ నీళ్ళు మీరు తాగుతారా, అని అడిగేడు అయ్యప్ప. మత్తయి తల అడ్డంగా ఊపేడు. చుట్టూ చెరువులు పెట్టుకుని ఉప్పునీళ్ళు పోసేరా, దీనికంటే విషం పోసినా నయం కదండీ, అని పైకే అనేసి, మనిషి పరిస్థితి గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు అయ్యప్ప.

మత్తయికి ఒక్క సంగతే తెలియాలి. ఎర్రలైటు ఆరిపోయింది కదా, ఆరిపోయేకే కదా తోలేను, అన్నాడు.

"ఆయ్, ఆరిపోతుందండి. వేడి కనిపెట్టే సెన్సారొకటి ఉంటుంది, నీళ్ళలో మునిగి ఉన్నప్పుడే దానికి వేడి తెలుస్తుంది. మీరు పోసినవి పంపు చిల్లుల్లోంచి అప్పుడే కారిపోయి ఉంటాయి. నీళ్ళే లేనప్పుడు దానికేం తెలుస్తుంది, చల్లగా ఉందనుకుంటుంది. మీరు ఎన్ని పోసినా నిలిచేవి కాదండి అందులో."

ఎన్ని పోసినా నిలిచేవి కాదు. మత్తయి ఆ మాటని లోపల్లోపల ఒకసారి అనుకున్నాడు. మొహంలో నెత్తురు లేదు. అయ్యప్ప భయపడి కుర్చీ లాగి కూర్చోబెట్టేడు, టీకి చెప్పేడు. ఏదో ఒకటి మాట్లాడాలని, కారులో దొరికిన సామాన్లు తెచ్చి అతని ఒళ్ళో పెట్టేడు. కృపావతి శాలువా, ఆస్పత్రి ఫైలు, వెనక సీటు కింద దొరికిన నీలం సీసా.

"దీంట్లో ఇంకా నీళ్ళున్నాయండి. పారబోసెయ్యమంటారా?"

మత్తయి సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూసేడు. అడుగున నీళ్ళు కదిలేయి. చెయ్యి కాలి లాక్కున్నప్పుడు మిగిలిపోయినవి. మూత అంత గట్టిగా బిగించేడు కాబట్టి చుక్క కూడా కారలేదు. ఎక్కువేమీ కాదు, ఒక్క గుక్క. వంతెన దగ్గర బండి ఆగిపోయినప్పుడు, చంటి పెట్టెలు దింపుతున్నప్పుడు, తను రోడ్డు మీద నిలబడి చేతులూపుతున్నప్పుడు, ఆ గుక్కెడు నీళ్ళూ ఆవిడ వెనకే, సీటు కింద ఉన్నాయి.

టీ వచ్చింది, చల్లారిపోయింది. మత్తయి సీసా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. చాలాసేపయ్యేక ఫోను తీసి రాజోలుకి చేసేడు. బడి వదిలే వేళ, అవతల పిల్లల గోల వినిపిస్తోంది. నాన్నా, అన్నం తిన్నారా, అని అడిగింది నిఖిత.

"నిఖితా, ఆవేళ నీకు అబద్ధం చెప్పేనమ్మా. మీ అమ్మ అడిగింది."

ఏమడిగింది నాన్నా, అంది. పిల్లల గోలకి దూరంగా జరిగినట్టుంది, గొంతు దగ్గరగా వినిపించింది.

"ఒక్క గుక్క నీళ్ళడిగింది. నేను కారుకి పోసేను."

మత్తయి ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు. కాసేపటికి నిఖిత ఫోను పెట్టేసింది.